ఉప్పునీటి ట్యాంకులో ఫ్లాస్ పెట్టాలా? మూడో రోజున తీసి పారేసేట్టయితే పెట్టండి

మీరు అడిగింది ఇదీ. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు. కింద సంప్ (ట్యాంకు నీళ్లు దిగి, శుభ్రమై మళ్లీ పైకెళ్లే గదుల తొట్టి), అందులో స్కిమ్మర్ (మలినాలని నురగతో బయటికి తెచ్చే పరికరం). పాతిక కిలోల రాయి. చేపల్లో రెండు క్లౌన్లు, ఒక కోరల్ బ్యూటీ, నాలుగు క్రోమిస్‌లు. నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకు సుమారు 40 మిల్లీగ్రాములు) దగ్గర నిలిచిపోయింది. షాపతను సంప్‌లోని స్పాంజి, ఫ్లాస్ (చెత్తని వడకట్టే తెల్లటి దూదిలాంటి పరుపు) అన్నీ పీకెయ్యమన్నాడు, అదే నైట్రేట్ ఫ్యాక్టరీ అన్నాడు. మీ స్నేహితుడేమో అవి లేకపోతే నీళ్లు తేటగా ఉండవన్నాడు.

ఇద్దరూ సగం సగం చెప్పారండీ. ఫ్లాస్‌ని రెండో రోజో మూడో రోజో తీసి చెత్తబుట్టలో వేసే ఓపిక ఉంటే తప్పకుండా పెట్టండి. గుర్తొచ్చినప్పుడు మారుస్తాం అనుకుంటే మాత్రం అసలు పెట్టకండి, పని అంతా రాళ్లకీ స్కిమ్మర్‌కీ వదిలెయ్యండి.

ఎందుకంటే ఫ్లాస్‌లో చిక్కిన మేత ముక్కలు, చేపల మలం కంటికి కనపడకుండా పోయాయే తప్ప నీళ్లలోంచి పోలేదు. గంటకు వెయ్యి లీటర్ల నీళ్లు ఆ మడ్డిని కడుక్కుంటూ మళ్లీ ట్యాంకులోకే వెళ్తున్నాయి. మడ్డి కుళ్లి అమ్మోనియా అవుతుంది, బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గానూ ఆపైన నైట్రేట్‌గానూ మారుస్తుంది. అక్కడితో బండి ఆగుతుంది. నైట్రేట్‌ని వాయువుగా మార్చి బయటికి పంపే బాక్టీరియాకి ఆక్సిజన్ అందని చోటు కావాలి. అది రాళ్ల లోపలి పొరల్లోనో లోతైన ఇసుకలోనో ఉంటుంది, ఆ పని నెమ్మదిగా జరుగుతుంది. అదే ఫ్లాస్‌ని కుళ్లకముందే తీసేస్తే నైట్రేట్ కావలసిన సరుకంతా దానితోనే ఇల్లు దాటిపోతుంది.

నమ్మకం కుదరకపోతే వారం పాటు నానిన ఫ్లాస్ ముక్కని రెండు లీటర్ల కొత్త ఉప్పునీళ్లున్న బకెట్లో వేసి మర్నాడు అమ్మోనియా టెస్ట్ చెయ్యండి. సాలిసిలేట్ కిట్ అయితే పసుపుగా ఉండాల్సిన ట్యూబు ఆకుపచ్చకి తిరుగుతుంది.

మన దగ్గర చాలామంది మంచినీటి ట్యాంకుతో మొదలుపెట్టి ఉప్పునీళ్లకి వస్తారు. అక్కడ నేర్చుకున్న అలవాటు ఇక్కడ దెబ్బతీస్తుంది. గోల్డ్‌ఫిష్ ట్యాంకులో స్పాంజి పారెయ్యకూడదు, ట్యాంకు నీళ్లలోనే పిండి మళ్లీ పెట్టాలి అంటారు. అక్కడ బాక్టీరియా కాపురం ఉండేది స్పాంజిలోనే కాబట్టి ఆ మాట నిజం. ఉప్పునీటి ట్యాంకులో బాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో ఉంటుంది. ఫ్లాస్‌ని దాని కోసం దాచిపెట్టక్కర్లేదు. అయితే మీ స్పాంజి ఏడాదిగా అక్కడే ఉందంటే అదీ కొంత భారం మోస్తూ ఉంటుంది. ఒక్కసారిగా పీకకండి. ముందు సగం కోసి తీసెయ్యండి, రెండు వారాలు ఆగండి, మధ్యలో రెండు మూడుసార్లు అమ్మోనియా చూడండి. సున్నా వస్తూంటే మిగతా సగం తీసెయ్యండి.

ఇప్పుడు పెట్టే పద్ధతి. ట్యాంకు నుంచి దిగే నీళ్లు సంప్ మొదటి గదిలో పడతాయి కదా, ఫ్లాస్ అక్కడే, స్కిమ్మర్‌కి ముందు ఉండాలి. ఎగ్‌క్రేట్ జాలీనో చిల్లుల ప్లాస్టిక్ ట్రేనో అడ్డంగా పెట్టి, దాని మీద అరచేతి కన్నా కాస్త పెద్ద ముక్క, ఒక అంగుళం మందం, పరిచినట్టు ఉంచండి. కూరకూడదు. కూరితే నీళ్లు సందు చూసుకుని పక్కనుంచి పోతాయి. తీసినప్పుడు చూస్తే సంగతి తెలిసిపోతుంది: ముక్క మొత్తం ఒకే తీరున గోధుమరంగుకి వస్తే నీళ్లు సరిగా వెళ్తున్నాయి. మధ్యలో రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ పడి చుట్టూ తెల్లగా ఉంటే ఒకేచోట దారి చేసుకున్నాయి. వాసన కూడా చూడండి. సముద్రపు ఒడ్డు వాసనైతే సరే. కుళ్లిన గుడ్డు వాసన వచ్చిందంటే లోపల గాలి ఆడక చాలా ఆలస్యమైపోయినట్టు.

అక్వేరియం షాపుల్లో దొరికే తెల్ల ఫ్లాస్ చుట్ట తీసుకుని కత్తిరించుకోండి. దిండ్లలో కూరే పాలిస్టర్ దూది చవకగా వస్తుంది కానీ చాలావాటికి జారుడు కోసం సిలికాన్ పూత ఉంటుంది, కొన్నిటికి మంట అంటుకోకుండా రసాయనం పట్టిస్తారు. పోగులు ఊడి, సంప్ నీళ్లని పైకి పంపే రిటర్న్ పంపు రెక్కలకి (ఇంపెల్లర్‌కి) చుట్టుకోవడం మరో తలనొప్పి. నీలం, ఆకుపచ్చ రంగు గరుకు ఫోమ్ షీట్ వద్దు. అది కడుక్కుని మళ్లీ వాడే వస్తువు, అంటే మళ్లీ పాత అలవాటే.

ఫ్లాస్ బదులు సాక్ (నీళ్లు వడకట్టే సంచి) వాడాలనుకుంటే 200 మైక్రాన్ల సందులున్న ఫెల్ట్ (ఉన్నిలాంటి మందపు గుడ్డ) చాలు. 100 మైక్రాన్లది ఇంకా సన్నగా వడకడుతుంది గానీ త్వరగా పూడుకుపోతుంది. నైలాన్ మెష్ సాక్ కుళాయి కింద రెండు నిమిషాల్లో శుభ్రమవుతుంది, కాకపోతే పట్టేది తక్కువ. ఏదైనా సరే కనీసం నాలుగైదు కొనండి. ఒకటే ఉంటే అది ఉతికి ఆరేదాకా మార్చరు, అదే జరుగుతుంది. ఉతకడానికి లోపలి వైపు బయటికి తిప్పి గట్టి ధారతో కొట్టండి. వాసన, రంగు కలపని మామూలు బ్లీచ్ ద్రావణం ఒక వంతు, నీళ్లు పది వంతులు కలిపి రాత్రంతా నానబెట్టండి. పొద్దున బాగా జాడించి, సోడియం థయోసల్ఫేట్ కలిపిన నీళ్లలో కాసేపు ముంచి, మళ్లీ జాడించి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. బట్టల సబ్బు, కంఫర్ట్ లాంటివి తగలనివ్వద్దు. అవి ఫెల్ట్‌లో మిగిలితే స్కిమ్మర్ పిచ్చిగా నురగ కక్కుతుంది. బ్లీచ్‌లో వెనిగర్ గానీ యాసిడ్ గానీ ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది.

సాక్ పూడుకుపోతే జరిగే నష్టం నైట్రేట్‌తో ఆగదు. నీళ్లు సాక్ పైనుంచి పొర్లి పోయే దారి ఉంటే సరే, వడకట్టకుండా పోతాయంతే. హోల్డర్ బిగుతుగా ఉండి ఆ దారి లేకపోతే మొదటి గదిలో మట్టం పెరుగుతుంది, ఆ మేరకు పంపు ఉన్న చివరి గదిలో తగ్గుతుంది. మీకు ఆటో టాపప్ ఉంటే అది నీళ్లు ఆవిరైపోయాయనుకుని మంచినీళ్లు పోసేస్తుంది. ట్యాంకులో ఉప్పదనం పడిపోతుంది. తర్వాత సాక్ మార్చగానే ఆగిన నీళ్లన్నీ ఒకేసారి కదిలి చివరి గది నిండిపోతుంది. 1.026 ఉండాల్సిన స్పెసిఫిక్ గ్రావిటీ (ఉప్పదనాన్ని చూపే కొలత) కారణం తెలియకుండా 1.023కి వచ్చిందంటే ముందు సాక్‌నే చూడండి.

ఫ్లాస్‌కి అందేది నీళ్లలో తేలే చెత్త మాత్రమే. రాళ్ల వెనక, మూలల్లో పేరుకున్న మడ్డి దాని దాకా రాదు. అందుకే ట్యాంకులోపల ప్రవాహం బాగుండాలి. మీ నీళ్లు నికరంగా 220 లీటర్లనుకుంటే వేవ్‌మేకర్లు (ట్యాంకులోపల నీళ్లు కదిపే పంపులు) అన్నీ కలిపి గంటకు కనీసం 4,400 లీటర్లు కదపాలి. సంప్ గుండా గంటకు 1,000 నుంచి 1,200 లీటర్లు వెళ్తే చాలు. వారానికోసారి కొత్త ఫ్లాస్ వేసిన రోజున, టర్కీ బేస్టర్‌తోనో మందుల షాపులో దొరికే 50 మిల్లీలీటర్ల సిరంజితోనో (సూది లేకుండా) రాళ్ల సందుల్లోకి నీళ్లు చిమ్మండి. పొగలా మడ్డి లేస్తుంది. మూడు నాలుగు గంటలు తిరగనిచ్చి ఆ ఫ్లాస్‌ని అదే సాయంత్రం పారెయ్యండి. నా లెక్కలో ఫ్లాస్‌ వల్ల అన్నిటికన్నా ఎక్కువ లాభం ఈ ఒక్క పూటే.

సంప్ లేక క్యానిస్టర్ ఫిల్టర్ వాడేవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకో మాట. మూత బిగించిన డబ్బా కాబట్టి తెరవడానికి బద్ధకం వేస్తుంది, నెలలు గడుస్తాయి. స్పాంజిలు వారానికోసారి కడగగలిగితేనే వాడండి. వేసవిలో కరెంటు కోతల సమయంలో అది ఇంకా ప్రమాదం. నీళ్లు కదలకపోతే లోపలి బాక్టీరియా ఉన్న ఆక్సిజన్ తాగేసి చావడం మొదలుపెడుతుంది. రెండు మూడు గంటలు దాటి కరెంటు వస్తే వెంటనే ఆన్ కానివ్వకండి. ప్లగ్ తీసేసి, లోపలి నీళ్లు పారబోసి, మీడియాని (లోపలి స్పాంజి లాంటి వడపోత సరుకుని) ట్యాంకు నీళ్లలో జాడించి, అప్పుడు నడపండి. లేదంటే ఆ కుళ్లు నీళ్లన్నీ ఒక్క నిమిషంలో చేపల మీద పడతాయి.

ఫ్లాస్ వల్ల కానివీ ఉన్నాయి. నీళ్లు పసుపు తిరిగితే దానికి యాక్టివేటెడ్ కార్బన్. కొత్త ట్యాంకులో పాలలా వచ్చే బాక్టీరియా మబ్బుని ఫ్లాస్ పట్టలేదు. తెల్లమచ్చ పరాన్నజీవి ఈదే దశలో ఎంత సన్నగా ఉంటుందంటే మామూలు ఫ్లాస్‌లోంచి హాయిగా దాటిపోతుంది. నీళ్లలో కరిగిన మలినాలు స్కిమ్మర్ పని, వాటిని కుళ్లకముందే నురగతో బయటికి తెస్తుంది. ఫ్లాస్ పెట్టాక స్కిమ్మర్ కప్పు కొంచెం నెమ్మదిగా నిండితే కంగారుపడకండి, దాని వాటా కొంత ఫ్లాస్ తీసుకుంటోంది.

వద్దనే సందర్భాలు కూడా చెప్పాలి. మాండరిన్ లాంటి చేప కోపెపాడ్లు (నలకల్లాంటి చిన్న నీటి జీవులు) తిని బతుకుతుంది, ఫ్లాస్ వాటిని కూడా పట్టేస్తుంది. రెఫ్యూజియం (అలాంటి జీవులు పెరగడానికి సంప్‌లో విడిచిన గది) ఉంటే ఫ్లాస్ దానికి ముందే ఉండాలి, అక్కడ పుట్టిన కోపెపాడ్లు అడ్డు లేకుండా పంపు ద్వారా ట్యాంకుకి వెళ్లాలి. కోరల్స్ ఉండి నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చూపిస్తుంటే ఫ్లాస్ తీసి పక్కన పెట్టండి. అంత పస లేని నీళ్లలో కోరల్స్ పాలిపోతాయి, డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవుల గోధుమరంగు జిగురు వచ్చి పడుతుంది. మీ 40కి ఆ భయం ఇప్పట్లో లేదు.

లాంథనం క్లోరైడ్‌తో ఫాస్ఫేట్ దించేటప్పుడు మాత్రం ఎవరికైనా మెకానికల్ ఫిల్టర్ తప్పనిసరి. ఏర్పడే తెల్లటి పొడి చేపల మొప్పలకి చేటు, ముఖ్యంగా టాంగ్ జాతి చేపలకి. బాగా పలచన చేసి, 5 లేదా 10 మైక్రాన్ల సాక్ లోపల చుక్కచుక్కగా పడేలా చూడాలి.

మీ ట్యాంకుకైతే ముందు స్పాంజి సగం తీసి, మూడు రోజుల ఫ్లాస్ మొదలుపెట్టండి. ఫ్రోజెన్ మేతని కరిగిన నీళ్లతో సహా పోయకుండా టీ జల్లెడలో జాడించి వెయ్యండి. మేత వేసేటప్పుడు రిటర్న్ పంపు పది నిమిషాలు ఆపండి, తినాల్సింది ఫ్లాస్‌లోకి పోదు. నీళ్లు మార్చడం మీదే భారం పెట్టకండి. పది శాతం అంటే 22 లీటర్లు, దానికి 800 గ్రాముల ఉప్పు, ఇంత చేసినా 40 కాస్తా 36 అవుతుంది. మడ్డి కుళ్లడం ఆగకపోతే వారంలో మళ్లీ 40.

నాలుగు వారాలు ఇలా చేసినా అంకె కదలకపోతే మీరు పోసే నీళ్లని టెస్ట్ చెయ్యండి. మన బోరు నీళ్లలో చాలాచోట్ల నైట్రేట్ ఎక్కువ, తాగేనీటికి భారత ప్రమాణం అనుమతించే హద్దే లీటరుకు 45 మిల్లీగ్రాములు. ఇంట్లో తాగే ఆర్‌ఓ మిషన్లలో రుచి కోసం టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది, అది పచ్చి నీళ్లని మళ్లీ కొంత కలుపుతుంది. మెంబ్రేన్ ఒక్కటే నైట్రేట్‌ని పూర్తిగా ఆపలేదు కూడా. టీడీఎస్ కంట్రోలర్ లేని ఆర్‌ఓ తర్వాత డీఐ రెసిన్ (మిగిలిన లవణాలని పట్టే గుళికలు) గొట్టం ఒకటి తగిలించి, టీడీఎస్ మీటరులో 0 చూపించే నీళ్లు మాత్రమే ఉప్పు కలపడానికీ టాపప్‌కీ వాడండి.