లక్షా ఎనభై వేలు కట్టి సేవ చేయాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి, కిరాణా కొట్టు ఉంది. మా అమ్మాయికి 23 ఏళ్లు. బరంపురంలో ఎం.కాం. పూర్తి చేసింది. ఆఫ్రికా పల్లెలకు వెళ్లి చిన్న వ్యాపారాలు, పొదుపు సంఘాలు నిలబెట్టే వాలంటీరు పని చేస్తానంటోంది. ఆరు వారాలకు లక్షా ఎనభై వేలు కట్టమని ఒక ఏజెన్సీ అడుగుతోంది. కట్టమంటారా? దీనివల్ల రేపు ఉద్యోగం వస్తుందా?

జవాబు: కట్టొద్దు. ఆరు వారాల్లో ఆ ఊళ్లో ఎవరి ఇల్లెక్కడో తెలిసేలోపే తిరుగు టికెట్ తేదీ వచ్చేస్తుంది. ఇక వ్యాపారం నిలబెట్టేదెప్పుడు? పైగా చాలా దేశాల్లో టూరిస్టు వీసా మీద వెళ్లి వాలంటీరు పని చేయకూడదు. ఏ వీసా ఇప్పిస్తారో కాగితం మీద రాసిమ్మని వాళ్లను అడగండి. సంగతి అక్కడే తేలిపోతుంది.

అమెరికా ప్రభుత్వం వాలంటీర్లను విదేశాలకు పంపే పీస్ కోర్‌లో అచ్చంగా ఇదే పనికి ఒక విభాగం ఉంది కానీ, 27 నెలల ఆ సర్వీసు అమెరికా పౌరులకే. మనవాళ్లు అప్లై చేసుకోదగ్గది ఐక్యరాజ్యసమితి నడిపే యూఎన్ వాలంటీర్స్. అప్లికేషన్‌కు గానీ ఎంపికకు గానీ పైసా తీసుకోరు. జీతం ఉండదు, బతకడానికి సరిపడా నెలనెలా భత్యం, ఆరోగ్య బీమా, ప్రయాణ ఖర్చు ఇస్తారు. విదేశాల్లో యువ వాలంటీరుగా వెళ్లాలంటే వయసు 18 నుంచి 26 లోపు ఉండాలి. 27 నిండితే స్పెషలిస్టు కింద వెళ్లొచ్చు, దానికి కనీసం మూడేళ్ల అనుభవం కావాలి. యువ వాలంటీరు పోస్టుల్లో కొన్నింటికి ధనిక దేశాలు తమ పిల్లల కోసమే డబ్బు పెడతాయి. అందుకే దాని మీదే ఆశ పెట్టుకోకుండా, అమ్మాయి ఇప్పటినుంచే ఆ మూడేళ్ల అనుభవం కూడబెట్టుకోవాలి.

ఎక్కడా అంటే, మీ ఊరికి కాస్త దూరంలో ఉన్న కొండల్లోనే.

ఆ వయసులో నేనూ గుణుపురం పైన ఒక సవర ఊరికి లెక్కలు నేర్పుదామని వెళ్లాను. ఆడవాళ్లు కొండ చీపుర్లు షావుకారుకు అమ్ముతున్నారు. అవే సంతకు తీసుకెళితే కట్టకు ఎంత మిగులుతుందో బోర్డు మీద వేసి చూపించాను. అందరూ తలూపారు. మర్నాడు మళ్లీ షావుకారుకే అమ్మారు. అడిగితే ఒకావిడ, ‘వానల్లో పిల్లకి జ్వరమొస్తే అర్ధరాత్రి మీ సంత డబ్బులిస్తాదా బాబూ?’ అంది. ముందు పొదుపు పెట్టె నిండాలి, ఆ తర్వాతే సంత అని నాకు అర్థమయ్యేసరికి ఏడాది పట్టింది. ఇది ఏ దేశంలోనైనా తెలియాల్సిన విషయమే.

ఆఫ్రికాలో నడిచే సంఘాలకు, మన మహిళా సంఘాలకు తేడా ఉంది. అక్కడి పద్ధతి 1991లో నైజర్‌లో కేర్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టింది. పెట్టెకు మూడు తాళాలు, చెవులు ముగ్గురి దగ్గర. అందరూ వస్తే గానీ పెట్టె తెరవరు. సుమారు ఏడాదికి ఒకసారి మొత్తం పంచేసుకుని మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు. మన దగ్గర పొదుపు సంఘంలోనే ఉంటుంది, దాన్ని చూసి బ్యాంకు అప్పిస్తుంది. ఒడిశాలో 2001 నుంచి మిషన్ శక్తి అనే ప్రభుత్వ పథకం కింద నడుస్తున్నవి ఇలాంటివే. ఈ రెండో పద్ధతిని లెక్కల పుస్తకాలతో సహా చూసిన మనిషి ఇంటర్వ్యూలో చెప్పే మాట వేరేగా ఉంటుంది.

డిగ్రీ ఉండి 21 నుంచి 32 ఏళ్ల లోపు వాళ్లకు ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ ఉంది. 13 నెలలు పల్లెలో ఉండి పని చేయాలి, స్టైపెండ్ ఇస్తారు. లేదంటే బరంపురం పక్కన మొహుదాలో 1979 నుంచి ఉన్న గ్రామ్ వికాస్ అనే స్వచ్ఛంద సంస్థలో ఖాళీలేమైనా ఉన్నాయేమో కనుక్కోమనండి. దీనితోపాటు యూఎన్ వాలంటీర్స్‌లోనే ఇంట్లో కూర్చుని చేసే ఆన్‌లైన్ పనులుంటాయి. డబ్బు రాదు కానీ బయోడేటాలో ఒక లైను చేరుతుంది. సెనెగల్, టోగో, బెనిన్ లాంటి చోట్ల ఫ్రెంచి లేనిదే పని నడవదు. తెలుగు, ఒడియా, హిందీ మాట్లాడే పిల్లకు ఇంకో భాష పెద్ద కష్టమేం కాదు.

ఉద్యోగం సంగతా? బ్యాంకు జీతంతో పోల్చకండి, నిరాశ పడతారు. జీవనోపాధి పథకాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో మాత్రం ఈ అనుభవానికి విలువ ఉంది.

ఈలోగా మీ కొట్టులో అరువు ఖాతా ఒక నెల ఆమెకు అప్పగించండి. ఎవరికి అరువిస్తారో, ఎవరికి ఎందుకివ్వరో పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. పాస్‌పోర్టుకు ఇప్పుడే పెట్టించండి. ముందుగా పదో తరగతి సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. స్కూల్లో ఒడియా మాస్టారు రాసిన స్పెల్లింగొకటి, ఇంటి పేరుతో కలిపి మనం రాయించుకున్నదొకటి ఉండి ఇబ్బంది పడ్డ పిల్లలు మన సరిహద్దులో చాలామందే ఉన్నారు.