ఫ్యాక్టరీలు పుంజుకున్నాయట, మా అమ్మాయిని ఏ బ్రాంచ్‌లో వేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ అంటోంది. మేము డేటా సైన్స్‌లో చేర్పిద్దామనుకున్నాం. ఈమధ్య తయారీ రంగం పుంజుకుందని, జనం ఖర్చు పెడుతున్నారని, ఉద్యోగాలు పెరుగుతున్నాయని వార్తలు చూసి అయోమయంలో పడ్డాం. రెండింటిలో ఏది సేఫ్? (ఒక తండ్రి)

జవాబు: ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది, బ్రాంచ్‌ల పేర్లే మారుతుంటాయి. నాలుగేళ్ల తర్వాత పిల్ల ఉద్యోగం లేకుండా ఇంట్లో కూర్చుంటుందేమో అన్నదే కదా మీ అసలు టెన్షన్?

ముందు ఆ వార్తల సంగతి చూద్దాం. తయారీ రంగం గురించి తరచూ చెప్పే సూచీ పీఎంఐ. ఆర్డర్లు, ఉత్పత్తి, సిబ్బంది కిందటి నెలకంటే పెరిగాయా తగ్గాయా అని కంపెనీల కొనుగోలు మేనేజర్లను అడిగి దాన్ని లెక్కకడతారు. 50 దాటితే పెరుగుదల. ఘోరంగా పడిపోయిన నెల తర్వాత కాస్త మెరుగైనా 50 దాటవచ్చు. ఖర్చు పెరిగిందంటే అది ధరల వల్లేనా అని చూడాలి. వాయిదా వేసుకున్న కారు, ఫ్రిజ్ కొంటున్నారంటే మాత్రం కాస్త నమ్మవచ్చు. రేపు జీతం వస్తుందన్న ధీమా లేనివాళ్లు వాటి జోలికి వెళ్లరు.

ఉద్యోగాలు మాత్రం ఆలస్యంగా వస్తాయి. ఆర్డర్లు పెరిగితే యాజమాన్యం ముందు ఓవర్‌టైమ్ చేయిస్తుంది, తర్వాత కాంట్రాక్టు మీద తీసుకుంటుంది, గిరాకీ నిలబడుతుందని నమ్మకం కుదిరాకే పర్మనెంట్ పోస్టులు. అమెరికాలో మాంద్యం 2001 నవంబరులో ముగిసినా నిరుద్యోగం గరిష్ఠానికి చేరింది 2003 జూన్‌లో. కాబట్టి ఈ నెల హెడ్‌లైన్ చూసి నాలుగేళ్ల చదువు ఎంచుకోవద్దు.

ఇక డేటా సైన్స్. ఆ సబ్జెక్టు మీద నాకు గౌరవమే, కాలేజీలు తగిలించే ఆ పేరు బోర్డు మీదే అనుమానం. లెక్కలు, స్టాటిస్టిక్స్ గట్టిగా చెప్పే అధ్యాపకులు లేకుండానే పాత కోర్సుకు కొత్త పేరు పెట్టేవాళ్లున్నారు. నాలుగు సాఫ్ట్‌వేర్ టూల్స్ నేర్పి పంపేస్తే, అవి పాతబడ్డాక పిల్లల చేతిలో ఏం మిగులుతుంది? పైగా కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే రిపోర్టులు, డేటా శుభ్రం చేయడం లాంటి పనులే ఇప్పుడు ముందుగా ఏఐ చేతికి పోతున్నాయి. కరోనా కాలంలో టెక్ కంపెనీలు ఎగబడి మనుషుల్ని తీసుకున్నాయి. 2022 నవంబరులో ఫేస్‌బుక్ నడిపే మెటా ఒక్కటే 11,000 మందికి పైగా తీసేసింది. మెకానికల్‌కూ గండాలున్నాయి, మాంద్యం వస్తే యంత్రాలు, వాహనాల ఆర్డర్లు ముందే పడిపోతాయి. అయితే మెకానికల్ చదివినవాళ్లు తర్వాత డేటా పని నేర్చుకుని అదే ఫ్యాక్టరీలో వాడుకోగలరు.

ఒక మాట కటువుగానే అంటాను. ‘చేర్పిద్దామనుకున్నాం’ అని రాశారు. పిల్లకు మెకానికల్ ఎందుకు ఇష్టమో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు? ఇష్టంలేని బ్రాంచ్‌లో బ్యాక్‌లాగ్‌లు పెట్టుకున్న పిల్లకు ఏ ఆర్థిక వ్యవస్థ కోలుకున్నా ఒరిగేదేమీ లేదు.

మరీ భయపడకండి. కెనడాలో డిగ్రీ పట్టభద్రుల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, మాంద్యంలో చదువు ముగించినవాళ్ల సంపాదన మొదట్లో సుమారు 9 శాతం తగ్గింది. అయిదేళ్లలో ఆ నష్టం సగమైంది, పదేళ్లకు దాదాపు పోయింది. మెల్లగా మెరుగైన కంపెనీలకు మారడం వాళ్లకు బాగా కలిసొచ్చింది.

కాలేజీకి వెళ్లినప్పుడు అత్యధిక ప్యాకేజీ ఎంతని అడగకండి. ఆ బ్రాంచ్‌లో ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మధ్యస్థ జీతం (సగంమందికి అంతకంటే ఎక్కువ, సగంమందికి తక్కువ వచ్చే జీతం) ఎంత, గత మూడేళ్ల వివరాలు చూపమనండి. ఇంకా సందేహముంటే, ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి.