సోమవారం ఒక్కదానివే వెళ్లకు

అమ్మలూ,

బాబులాంటి ప్రత్యేక అవసరాలున్న పిల్లల అమ్మానాన్నలను కూడగట్టి, మన కోనసీమలోనే అలాంటి పిల్లలను చూసుకునే ఒక హోమ్ కావాలని అమలాపురం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి వెళ్తున్నావటగా. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. గర్వమూ ఉంది, బెంగా ఉంది.

కాగితాల సంగతి నీకు తెలిసిందే. సదరం వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ గుర్తింపు కార్డు జిరాక్సులు పెట్టుకో, అర్జీకి రసీదు తీసుకో. బాబుకి 18 నిండితే కన్నతల్లివైనా చట్టం దృష్టిలో నువ్వు గార్డియన్‌వి కావు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు గారుండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆలస్యం చేయకు.

మీ చిన్న మావయ్యను హోమ్‌లో చేర్చినప్పుడు "మూడు నెలలు రాకండమ్మా, అలవాటు పడనివ్వండి" అన్నారు. సరేనన్నాను. వాడికి మాటలు రావు కదా, దాహమేస్తే నా కొంగు పట్టుకుని లాగేవాడు. అది వాళ్లకు చెప్పాలని నాకు తోచనే లేదు. నడి వేసవిలో వెళ్లేసరికి కిటికీ తెర పట్టుకుని లాగుతున్నాడు. పెదాలు పగిలి నెత్తురు ఎండిపోయి ఉంది. చెంబు అందిస్తే ఊపిరి తీసుకోకుండా తాగేశాడు.

నేనొక్క మాట అనలేదమ్మా. ఏమన్నా అంటే తీసుకుపొమ్మంటారేమోనని భయం. ఇంట్లో అమ్మ మంచాన పడి ఉంది, నా పిల్లలు చిన్నవాళ్లు. ఆయా చేతిలో యాభై రూపాయలు పెట్టి బస్సెక్కేశాను. ఆ రోజు వరండాలో ఇంకో తల్లి కూడా కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. ఆవిణ్ణి పలకరించినా ఇద్దరం అయ్యేవాళ్లం. అది కూడా చేయలేదు.

అందుకే, అర్జీలో గది కొలతల కంటే ముందు ఇది రాయించు: తల్లిదండ్రులు చెప్పకుండా ఎప్పుడైనా లోపలికి రావచ్చని, నడిపే కమిటీలో వాళ్లూ ఉండాలని. ఇప్పుడున్న ఏ హోమ్‌కి వెళ్లినా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమని అడుగు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అది ఉండి తీరాలి. అడిగితే కోపగించుకునే చోట బాబును ఒక్క పూట కూడా ఉంచకు.

స్థలం ఎక్కడ ఇస్తామన్నా ఏటిగట్టుకు లోపల, లంకల వైపు మాత్రం ఒప్పుకోకు. కాలవ పక్కనా వద్దు. వరదొస్తే అర్ధరాత్రి ఇలాంటి పిల్లలను పడవ ఎక్కించడం ఎవరి తరం? గేటు తాళం రాత్రి ఎవరి దగ్గరుంటుందో కూడా అడుగు. నేను ఊరికే భయపడుతున్నానని మీ అమ్మ అంటుంది, అననీ.

పోయినసారి ఎవరికీ చెప్పకుండా ఒక్కదానివే ఆఫీసుల చుట్టూ తిరిగి జ్వరం తెచ్చుకున్నావు. నాకు ఎంత కోపం వచ్చిందో! ఈసారి ఆ పని చేశావంటే ఊరుకోను. ఆదివారం సాయంత్రానికి నేను దిగుతాను. బాబుకి మామిడి తాండ్ర తెస్తాను. ఈలోగా ఒక నోట్‌బుక్ కొని వాడి అలవాట్లన్నీ రాయడం మొదలుపెట్టు. దాహమేస్తే వాడేం చేస్తాడో మొదటి పేజీలో రాయి.

మీ పెద్దమ్మ