నలుగురు తగ్గారన్నారు ఆయన

"ఎవరికీ పేరు తెలియని మనుషుల రాతలు, బొమ్మలు వేసే పత్రికను చేత్తో కుట్టి, వంద ప్రతులకే ఆపేయడం ఎందుకు? పిడిఎఫ్ పెడితే ఇంకా ఎక్కువ మంది చూస్తారు కదా?" అని మీరు అడిగారు. ఇంకో ఇద్దరితో కలిసి పదేళ్లకు పైగా అలాంటి పత్రికే కుడుతున్నాను, అందుకే చెబుతున్నాను.

వంద అన్నది గొప్ప కోసం పెట్టుకున్న లెక్క కాదు. ఉద్యోగాలు చేసుకునే ముగ్గురం సాయంత్రాలు కూర్చుని కుట్టగలిగేది అంతే. ఫారాలు, అంటే ఒకదాంట్లో ఒకటి దూర్చిన కాగితాల కట్టలు, మడవాలి, మడత మీద దబ్బనంతో ఐదు బెజ్జాలు పొడవాలి, మైనం పట్టించిన నూలుదారంతో ఒక్కో ఫారాన్నీ కింది ఫారానికి ముడేసుకుంటూ పైకి రావాలి. చెయ్యి తిరిగాక కూడా ఒక్క ప్రతికి ముప్పావు గంట పడుతుంది. వంద దాటితే వేళ్లు మొరాయిస్తాయి, కుట్టు వదులవుతుంది. కుట్టు వదులైతే నాలుగుసార్లు తెరిచేసరికి ఫారాలు కదిలిపోతాయి.

అసలు సంగతి వేరే ఉంది. ఒక సంచికకు ఒక పెద్దాయన రాతలు తీసుకున్నాం. గోడౌన్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. పాత లెడ్జరు కాగితాల వెనక రాసేవారు. మార్జిన్ అన్నదే ఉండదు, అక్షరం కాగితం చివరిదాకా వెళ్లి ఆగుతుంది. పేజీ మధ్యలోంచి ఒక చీమల బారు నడిచిపోతూ ఉంటుంది. పెన్నుతో వేసిన చిన్న చిన్న చీమలు. కుడి అంచున బయటికి వెళ్లిన బారు తర్వాతి కాగితం ఎడమ అంచున లోపలికి వస్తుంది. అలా ఎనిమిది కాగితాలు.

ఉన్న సైజులోనే అచ్చు వేయించాం. మడతపెట్టిన కాగితాలను ఒకదాంట్లో ఒకటి దూర్చినప్పుడు లోపలివి కొంచెం ముందుకు పొడుచుకొస్తాయి. అంచు సమంగా ఉండాలని కటింగ్ మిషన్‌కు ఇచ్చాం. మూడు మిల్లీమీటర్లు పోయింది. ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. నున్నగా వచ్చిందని సంబరపడ్డాం కూడా.

మొదటి ప్రతి పట్టుకుని వాళ్లింటికి వెళ్లాం. ఆయన రాత చదవలేదు. అంచు మీద వేలు పెట్టి మెల్లగా కిందికి జరుపుకుంటూ వెళ్లారు, పేజీ తిప్పారు, మళ్లీ వెనక్కి తిప్పారు. "ఇక్కడ నలుగురు తగ్గారండీ" అన్నారు. చీమల్ని మనుషుల్ని లెక్కపెట్టినట్టు లెక్కపెట్టారాయన. కోపం చేసుకోలేదు. పుస్తకం మూసి మా చేతికి ఇచ్చేశారు, అంతే.

అప్పటికి అరవై రెండు ప్రతులు కుట్టేసి ఉన్నాయి. అన్నిటికీ దారాలు కోశాం. ఆ ఫారం ఒక్కటీ మళ్లీ అచ్చు వేయించి, ఎనిమిది పేజీలూ ఒకే పట్టీగా, హార్మోనియం తిత్తిలా మడిచి లోపల అతికించాం. లాగితే చీమలు మొదటినుంచి చివరిదాకా ఆగకుండా నడుస్తాయి. ఆ రోజు నుంచి మా పత్రికకు అంచు కోత లేదు. ఎగుడుదిగుడుగా ఉంటుందని అనేవాళ్లు అంటూనే ఉంటారు.

లక్ష కాపీలు అచ్చేసేవాళ్లు నాలుగు చీమల కోసం ఆగలేరు. వంద వేసేవాళ్లు ఆగగలరు. మీ ప్రశ్నకు నా జవాబు ఇదే.

ఇంకో మాట. చేతికుట్టు మేం అద్దిన సోకు అనుకుంటారు చాలామంది. ఎక్కడా నేర్చుకోకుండా తమకోసం తామే రాసుకునే, గీసుకునే ఇలాంటి మనుషులు తమ పుస్తకాలు తామే కుట్టుకున్నారు, తామే కట్టుకున్నారు. అడాల్ఫ్ వుల్ఫ్లి 1895 నుంచి 1930లో పోయేదాకా స్విట్జర్లాండులో బెర్న్ దగ్గరి వాల్డౌ మానసిక వైద్యశాలలోనే ఉండి, పాతిక వేల పేజీల దాకా రాసి, బొమ్మలు వేసి, సంపుటాలుగా కట్టుకున్నాడు. షికాగోలో ఆస్పత్రులు ఊడ్చిన హెన్రీ డార్గర్ 15,145 పేజీల కథ రాసుకుని, అందులో కొన్ని సంపుటాలు తనే బైండు చేసుకున్నాడు. అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్‌సన్‌ను ఈ కోవలో చేర్చరు గానీ నేను చేరుస్తాను. ఆమె తన కవితల్ని సూదీ దారంతో నలభై చిన్న పుస్తకాలుగా కుట్టి దాచుకుంది. 1886లో ఆమె పోయాక అచ్చు వేసినవాళ్లు ఆ దారాలు విప్పేశారు, వరస చెదిరిపోయింది, ఆమె గీసుకున్న డ్యాష్‌లను మామూలు విరామచిహ్నాలుగా దిద్దేశారు. ఆ వరస మళ్లీ నిలబడి పుస్తకంగా వచ్చింది 1981లో. ఆ పుస్తకం తెచ్చిన పండితుడు ఆర్. డబ్ల్యూ. ఫ్రాంక్లిన్ ఆ వరసను ఎలా పట్టాడో తెలుసా? కాగితాల మీద సూది బెజ్జాలు, మరకలు ఒకదానితో ఒకటి సరిపోల్చి. బెజ్జం కూడా ఆమె రాతలో భాగమే. అందుకే అక్షరదోషాలు దిద్దే సంపాదకుడిని ఇలాంటి పత్రిక దగ్గరికి రానివ్వకూడదంటాను.

ఇలాంటివాళ్ల పనికి పెట్టిన "ఔట్‌సైడర్ ఆర్ట్" (బయటివాళ్ల కళ) అన్న పేరంటే కూడా నాకు పడదు. ఫ్రెంచి చిత్రకారుడు ద్యుబుఫే "ఆర్ బ్రూ" (ముడి కళ) అన్నదానికి ఇంగ్లీషులో సరిపోయే మాటగా 1972లో రోజర్ కార్డినల్ అనే కళావిమర్శకుడు దాన్ని వాడాడు. మరి ఎవరికి బయట? మా పెద్దాయన తన కాగితానికి నట్టనడుమ ఉన్నారు. ఈ పేరు వచ్చాక ముందుమాటల్లో మనిషి జబ్బు గురించి రెండు పేజీలు, పని గురించి రెండు వాక్యాలు రాయడం అలవాటైపోయింది. మేం పేరు, పుట్టిన సంవత్సరం, దేనిమీద దేనితో రాశారో మాత్రమే వేస్తాం. "లెడ్జరు కాగితం, నల్ల బాల్‌పెన్ను." చాలు.

ఒకటో నంబరు ప్రతే కావాలని, అదీ ప్లాస్టిక్ కవరు విప్పకుండా పంపమని అడిగేవాళ్లున్నారు. వాళ్లకు ఇవ్వం. మొదటి ఐదు ప్రతులు రాసినవాళ్లకే వెళ్తాయి.

పిడిఎఫ్ సంగతి. పెట్టండి, నాకేం అడ్డం లేదు, మేమూ ప్రతులు అయిపోయాక పెడతాం. ఒక్కటి మాత్రం చూసుకోండి. స్కానింగ్ యాప్‌లో అంచులు తనంతట తనే కత్తిరించే ఆప్షన్ ఉంటుంది, ముందు దాన్ని ఆపేయండి. కాగితం కింద నల్లటి అట్ట ఒకటి పరిచి, నాలుగు వైపులా ఆ నలుపు కాస్త కనపడేలా తీయండి.