ఆటోమేటిక్ కొంటున్నప్పుడు మాన్యువల్ నేర్చుకోవడం దేనికి? నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: ముప్పై దాటాక డ్రైవింగ్ మొదలుపెడుతున్నారు, ఇంట్లో కొనబోయేది ఆటోమేటిక్, ఇంకొన్నేళ్ళకి ఎలాగూ ఎలక్ట్రిక్ కి మారతారు, మరి ఈ క్లచ్చుతో గేర్లతో కుస్తీ పట్టడం అవసరమా అని. నేను 34 ఏళ్ళకి మాన్యువల్ నేర్చుకున్నా, ఇప్పుడు రోజూ నడిపేది ఆటోమేటిక్. రెండూ చూశాను కాబట్టి చెప్తున్నా, నేర్చుకోండి. ఆరితేరిపోవాల్సిన పన్లేదు, ఒక రెండు నెలలు మనసు పెట్టండి చాలు. ఒక్క సందర్భంలో మాత్రం వద్దంటాను, అది తర్వాత చెప్తా.

ముందు నా సంగతి. డ్రైవింగ్ స్కూల్లో చేరా, ఆ కార్లలో పక్క సీటు కింద కూడా బ్రేకూ క్లచ్చూ ఉంటాయి కదా, నేర్పే ఆయన నేనెక్కడ బండి ఆపేస్తానో అని తన క్లచ్ తనే తొక్కుతూ వదుల్తూ ఉండేవాడు. నా కాలు కిందేమో అంతా మెత్తగా నడిచిపోతోంది, నాకు వచ్చేసిందనే అనుకున్నా. పదిహేను రోజుల క్లాసులయ్యాక ఫ్రెండ్ ని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ళ కారు రోడ్డు మీదకి తీశా. ఫ్లైఓవర్ ఎక్కే చోట ట్రాఫిక్ ఆగింది, ముందు బండి కదిలింది, నేను క్లచ్ వదిలా, ఒక్క కుదుపు కుదిపి ఇంజన్ ఆఫ్. మళ్ళీ స్టార్ట్ చేశా, మళ్ళీ ఆఫ్. మూడోసారి బండి వెనక్కి జారడం మొదలైంది, వెనకనించి హారన్లు, నా ఎడమ కాలు మోకాలి దగ్గర్నుంచి వణుకుతోంది, బ్రేకు తొక్కాలన్న సంగతి కూడా తట్టలేదు. ఫ్రెండ్ టక్కున హ్యాండ్‌బ్రేక్ లాగింది కాబట్టి సరిపోయింది, లేకపోతే వెనక కారుని గుద్దేసేదాన్నే. ఆ తర్వాత ఆరు వారాలు స్టీరింగ్ ముట్టుకోలేదు.

మళ్ళీ కూర్చోబెట్టింది మా మామయ్య, ఇరవై ఏళ్ళు లారీ నడిపిన మనిషి. ఖాళీ గ్రౌండుకి తీసుకెళ్ళి మొదట అన్న మాట "ఇవాళ నువ్వు యాక్సిలరేటర్ జోలికి వెళ్ళకమ్మా, ఆ కుడికాలు తీసి కింద పెట్టేయ్" అని. సీటు ముందుకి జరిపించాడు, క్లచ్ అడుగుదాకా తొక్కినా ఎడమ మోకాలు ఇంకా కొంచెం వంగే ఉండాలన్నాడు (స్కూల్లో పదిహేను రోజులూ నేను కాలు చాపి మునివేళ్ళతో తొక్కానండీ, ఒక్కరు చెప్పలేదు). ఫస్ట్ గేర్ వేసి, మడమ నేలకి ఆనించి, క్లచ్ ని చాలా చాలా నెమ్మదిగా పైకి రానివ్వమన్నాడు. కొంత దూరం వచ్చేదాకా ఏమీ అవ్వదు. తర్వాత ఇంజన్ సౌండ్ కాస్త బరువెక్కుతుంది, అంతదాకా సన్నగా పాడుతున్నది ఒక్కసారి గొంతు తగ్గించినట్టు, స్టీరింగ్ లో చిన్న వణుకు అరచేతికి తెలుస్తుంది. "అదిగో, అక్కడ ఆపు కాలు. పైకీ వద్దు కిందకీ వద్దు" అన్నాడు. ఆపా. బండి తనంతట తనే కదిలింది, నేను గ్యాస్ ఇవ్వకుండానే! నా కాలుతో నేను కదిలించిన మొదటి కారు అదే, ఆ సంతోషం ఇప్పటికీ అలాగే గుర్తుంది.

ఆ రోజు గంటన్నర పాటు అదొక్కటే చేయించాడు, కదిలించడం, క్లచ్ తొక్కి బ్రేకు వేసి ఆపడం, మళ్ళీ కదిలించడం. యాభైసార్లు అయ్యుంటుంది. చివరికొచ్చేసరికి ఆ పాయింట్ ఎక్కడుందో కాలికే తెలిసిపోయింది, నేను ఆలోచించక్కర్లేకుండా. నన్నడిగితే మాన్యువల్ నేర్చుకోవడమంటే ముప్పాతిక వంతు ఇదే, మిగతాది గేర్ రాడ్ ని అటూ ఇటూ తిప్పడం.

ఎందుకలా అంటే, ఇంజన్ ఊరికే ఉన్నప్పుడు కూడా నిమిషానికి ఓ 800 సార్లు తిరుగుతూనే ఉంటుంది, చక్రాలేమో ఆగి ఉన్నాయి. తిరిగేదాన్నీ ఆగి ఉన్నదాన్నీ ఒక్కసారిగా కలిపేస్తే ఆగి ఉన్నదే గెలుస్తుంది, ఇంజన్ ఆగిపోతుంది. క్లచ్ ప్లేటు పనేంటంటే కాసేపు జారుతూ, రాసుకుంటూ, ఆ రెండిటినీ నెమ్మదిగా ఒక వేగానికి తేవడం. ఆ రాపిడికి వేడి పుడుతుంది, అందుకే ఎక్కువసేపు హాఫ్ క్లచ్ లో (పెడల్ సగం తొక్కి) ఉంచితే కాలిన వాసన వస్తుంది, ప్లేటు త్వరగా అరిగిపోతుంది. సిగ్నల్ దగ్గర ఫస్ట్ లో పెట్టి క్లచ్ తొక్కి కూర్చోకుండా న్యూట్రల్ చేసి కాలు తీసెయ్యమనేది ఇంకో కారణానికి, అలా తొక్కి ఉంచితే క్లచ్ ని నొక్కే బేరింగ్ మీద అనవసరంగా భారం.

గేర్లు మార్చడానికి మాత్రం భయపడకండి, అది ఇప్పుడు నిజంగా తేలిక. మామయ్య మొదట్లో నడిపిన లారీలో గేర్ మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలట, మధ్యలో న్యూట్రల్ లో ఆగి, స్పీడుకి తగ్గట్టు రేజ్ చేసి, లేకపోతే గేర్ల పళ్ళు గర్రుమనేవట. ఆ బాధ తప్పించే సింక్రోమెష్ ని అమెరికా కార్ల కంపెనీ కాడిలాక్ 1928లోనే కార్లలోకి తెచ్చింది, మనం నడిపే కార్లలో గేర్ల వేగాలు కలిపే పని అదే చేస్తుంది, మనం క్లచ్ పూర్తిగా తొక్కితే చాలు. పూర్తిగా అని ఎందుకంటున్నానంటే సగం తొక్కి రాడ్ ని బలంగా తోస్తాం మొదట్లో అందరం.

ఎత్తు మీద ఆగినప్పుడు ఏం చెయ్యాలో చెప్పి తీరాలి, నా ఆరు వారాలు పోయింది దాని వల్లే కాబట్టి. హ్యాండ్‌బ్రేక్ లాగండి, ఫస్ట్ వెయ్యండి, కొంచెం గ్యాస్ ఇచ్చి పట్టుకోండి, క్లచ్ ని ఆ పాయింట్ దాకా తీసుకురండి, బండి ముందుకి గుంజుతున్నట్టు ఒళ్ళంతటికీ తెలుస్తుంది, అప్పుడు హ్యాండ్‌బ్రేక్ వదలండి. ఒక్క అంగుళం కూడా వెనక్కి రాదు. కొన్ని కార్లలో హిల్ హోల్డ్ ఉంటుంది, బ్రేకు మీంచి కాలు తీశాక కూడా ఒకట్రెండు సెకన్లు బండిని పట్టుకుంటుంది, ఉంటే మంచిదే కానీ దాన్నే నమ్ముకుని నేర్చుకోకండి. నేను మామయ్యతో వెళ్ళి అదే ఫ్లైఓవర్ మీద, పొద్దున్నే బళ్ళు లేనప్పుడు, పదిసార్లు ఆగి పదిసార్లు ఎక్కా.

ఇక అసలు ప్రశ్న, దీనివల్ల ఏం లాభం. మైలేజ్ కోసమైతే వద్దు, ఒకప్పుడు ఆటోమేటిక్ లు ఎక్కువ తాగేవి, ఇప్పుడా తేడా చాలావరకు పోయింది. ఎలక్ట్రిక్ కార్లలో అయితే మోటారుకి సున్నా నుంచే లాగే బలం ఉంటుంది కాబట్టి క్లచ్ అవసరమే లేదు, మీరన్నది కరెక్టే. కానీ ఎవరింటికో వెళ్ళినప్పుడు, అద్దెకి కారు తీసుకున్నప్పుడు, పక్కన నడిపే మనిషికి ఒంట్లో బాగోనప్పుడు, అక్కడున్న కారు మాన్యువల్ అయితే మీరు చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు. బ్రిటన్ లాంటి చోట్ల అయితే ఆటోమేటిక్ లో టెస్ట్ పాసైతే మాన్యువల్ నడిపే హక్కే రాదు, కాబట్టి మీరుండే చోట రూల్ ఏంటో ముందే చూసుకోండి.

నాకు వచ్చిన పెద్ద లాభం ఇంకోటి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు తొక్కుతూనే దిగితే అవి వేడెక్కి పట్టు తగ్గిపోతాయి, తక్కువ గేర్లో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఇది మాన్యువల్ లో ఒంటికి పట్టింది కాబట్టి ఇప్పుడు ఆటోమేటిక్ లో కూడా దిగుడులో ఎల్ (తక్కువ గేర్) కో మాన్యువల్ మోడ్ కో చెయ్యి దానంతటదే వెళ్తుంది. ఆటోమేటిక్ మాత్రమే నడిపిన మా ఇంట్లోవాళ్ళకి ఆ లివర్ మీద డి, ఆర్, పి (ముందుకి, వెనక్కి, పార్కింగ్) తప్ప వేరేవి ఎందుకున్నాయో తెలీదు, నేను చెప్పేదాకా. అన్నట్టు పెట్రోల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ వేసే అలవాటు చాలామందికి ఉంది, దయచేసి మీరు చెయ్యకండి. ఇప్పటి ఇంజన్లు గేర్లో ఉండి కాలు తీసేస్తే చాలాసేపు ఇంధనం ఆపేస్తాయి, న్యూట్రల్ లోనే తిరగడానికి కొంచెం ఖర్చవుతుంది, పైగా బండి మీద పట్టు పోతుంది.

వద్దనే సందర్భం ఏంటంటే, రోడ్డంటేనే మీకు భయం ఎక్కువగా ఉంటే. అద్దాలు చూసుకోవడం, పక్కబండి ఎంత దూరంలో ఉందో అంచనా వెయ్యడం, వీటితోనే ఊపిరాడట్లేదంటే ముందు ఆటోమేటిక్ లో రోడ్డు నేర్చుకోండి, మూడునెలలయ్యాక క్లచ్ దగ్గరికి రండి. రెండూ కలిపి మీద వేసుకుని అసలు డ్రైవింగే మానేసినవాళ్ళు నాకు తెలుసు, నేనూ దాదాపు మానేసేదాన్నే. మోకాలి నొప్పి ఉన్నా ట్రాఫిక్ లో ఎడమకాలికి చాలా శ్రమ, దాని గురించి కూడా ఆలోచించుకోండి.

స్కూల్లో చేరితే మాత్రం మొదటి రోజే నేర్పేవాళ్ళని అడగండి, ఖాళీ చోటు చూసి, మీ క్లచ్ మీంచి కాలు తీసేసి కూర్చోండి సార్, ఆగిపోతే ఆగిపోనివ్వండి అని.