కొత్త షేర్లొస్తే మన వాటా సంగతేంటి?

ప్రశ్న: ఓ మందుల కంపెనీవి వెయ్యి షేర్లున్నాయండి, కొత్త ప్లాంటుకని రైట్స్ ఇష్యూ (పాత షేర్‌హోల్డర్లకే ముందు కొత్త షేర్లు అమ్మడం) అంటున్నారు, నాకు నష్టమా?
– ఓ పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: వాటా తగ్గడం వేరు, నష్టం వేరండీ. లెక్కకి మొత్తం లక్ష షేర్లనుకోండి, మీది 1 శాతం, కొత్తగా ఇంకో 25 వేల షేర్లు వేరేవాళ్లకి అమ్మితే మీది 0.8 అవుతుంది, కానీ అలా వచ్చిన డబ్బుతో కంపెనీ లాభం 25 శాతం దాటి పెరిగితే ఒక్కో షేరుకొచ్చే లాభం పెరిగినట్టే, పెరక్కపోతే బొక్కే. రైట్స్‌లో ఐతే 2013 కంపెనీల చట్టం 62వ సెక్షన్ ప్రకారం మీ వాటాని బట్టి కొత్త షేర్లు కొనే హక్కు ముందు మీకే ఇస్తారు. డబ్బుల్లేవా, డీమ్యాట్‌లో (షేర్లుండే ఖాతాలో) పడ్డ ఆ హక్కుల్ని గడువులోపే మార్కెట్లో అమ్మేయండి, ఊరికే వదిలేస్తే ల్యాప్స్, చెల్లకుండా పోతాయ్ (ఇలా వదిలేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుద్ది). ఆ ఆఫర్ లెటర్లో డబ్బు నిజంగా ప్లాంటుకేనా, పాత అప్పులు తీర్చడానికా అన్నది మాత్రం చూసుకోండి.