కంప్యూటర్ ఆన్ అవ్వగానే గూగుల్ డ్రైవ్ దానంతటదే మౌంట్ అవ్వాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకర్థమైనంత వరకు ఇదండీ: ఇంట్లో లైనక్స్ మింట్ డెస్క్‌టాప్, గూగుల్ డ్రైవ్‌ని ఆర్‌క్లోన్ అనే టూల్‌తో మౌంట్ చేసుకుంటున్నారు (అంటే మామూలు ఫోల్డర్‌లా కనిపించేలా తగిలిస్తున్నారు), టెర్మినల్‌లో కమాండ్ కొడితే బానే వస్తోంది, క్రాన్‌ట్యాబ్‌లో (కమాండ్లని దానంతటదే నడిపే క్రాన్ సర్వీస్ జాబితాలో) రీబూట్ లైన్ పెడితే మాత్రం ఒక్కోసారి వస్తుంది ఒక్కోసారి రాదు. మా ఇంట్లో కూడా అచ్చం ఇదే సెటప్. రాజమండ్రిలో నాన్నగారి దగ్గర పాత డెస్క్‌టాప్ ఉంది, ఆయన టెర్మినల్ జోలికి పోరు, పోవాల్సిన అవసరం కూడా ఉండకూడదు. డెస్క్‌టాప్ మీద ఫోల్డర్ నొక్కితే పొలం కాగితాల స్కాన్లు, అమ్మ టెస్టు రిపోర్టులు కనిపించాలి, నేను హైదరాబాద్‌లో కూర్చుని అందులో ఏదైనా వేస్తే అక్కడ కనపడాలి, అంతే. దాని కోసం చేసిందే చెప్తున్నా. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో రాస్తున్నా కాబట్టి ఆప్షన్ల పేర్లు కూడా తెలుగులోనే వస్తాయి, ఆర్‌క్లోన్ మౌంట్ డాక్యుమెంటేషన్ పేజీ పక్కన తెరిచి పెట్టుకుంటే ఏది ఏదో తేలిగ్గా దొరుకుతుంది.

క్రాన్ ఎందుకు పనిచెయ్యదంటే, రీబూట్ లైన్ క్రాన్ సర్వీస్ లేవగానే ఒకే ఒక్కసారి నడుస్తుంది, అప్పటికి నెట్ వచ్చిందా లేదా అనేది దానికి పట్టదు, ఫెయిల్ అయితే మళ్ళీ ట్రై చెయ్యదు. మీకు వచ్చిన రోజు నెట్ ముందొచ్చింది, రాని రోజు వెనకొచ్చింది, అంతకుమించి అందులో ఏం లేదు. చాలామంది దీనికి స్లీప్ 30, స్లీప్ 60 అని పెట్టుకుంటారు, మామూలు రోజుల్లో నడిచిపోతుంది గానీ కరెంటు పోయొచ్చిన రోజు నడవదు. ఆ రోజు ఏం జరుగుతుందో ఒకసారి మీ ఫైబర్ బాక్స్ దగ్గర నిలబడి చూడండి. కరెంటు రాగానే పవర్ లైటు వెలుగుతుంది, వైఫై లైటు కూడా వచ్చేస్తుంది, కంప్యూటర్‌కి ఐపీ అడ్రస్ ఇచ్చేస్తుంది, కానీ పాన్ లైటు ఇంకా మినుకుమినుకుమంటూనే ఉంటుంది, వీధి చివర వాళ్ళ డబ్బాకి కూడా కరెంటు రాకపోతే ఫైబర్‌లో సిగ్నల్ లేదని చెప్పే లాస్ (ఎల్ఓఎస్) అనే ఎర్ర లైటు అలాగే ఉంటుంది. అంటే కంప్యూటర్ దృష్టిలో నెట్‌వర్క్ ఉంది, నిజంగా ఇంటర్నెట్ లేదు. అందుకే సిస్టమ్‌డీలో (లైనక్స్‌లో సర్వీసుల్ని నడిపే ప్రోగ్రామ్) నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ తర్వాత స్టార్ట్ చెయ్యి అని రాసినా మనలాంటి ఇళ్ళల్లో అది సరిపోదు, దానికి లోకల్ నెట్‌వర్క్ రెడీ అయితే చాలు, గూగుల్ దాకా దారి ఉందో లేదో అది చూడదు.

కాబట్టి నా సలహా ఏంటంటే నెట్ ఎప్పుడొస్తుందో కనిపెట్టే ప్రయత్నమే మానేయండి, ఫెయిల్ అయితే ఫెయిల్ అవ్వనివ్వండి, అర నిమిషం ఆగి మళ్ళీ ట్రై చెయ్యమనండి, వచ్చేదాకా అలా చేస్తూనే ఉండమనండి. సిస్టమ్‌డీ యూజర్ సర్వీస్‌తో ఇది హాయిగా అయిపోతుంది.

హోమ్‌లో డాట్-కాన్ఫిగ్ లోపల సిస్టమ్‌డీ, దాని లోపల యూజర్ అనే ఫోల్డర్ చేసి అందులో ఒక సర్వీస్ ఫైల్ పెట్టండి. టైప్ దగ్గర నోటిఫై అని రాయండి, మౌంట్ నిజంగా రెడీ అయ్యాకే ఆర్‌క్లోన్ తనంతట తను సిస్టమ్‌డీకి చెప్తుంది. ఎగ్జెక్‌స్టార్ట్‌లో మీరు చేత్తో కొట్టే మౌంట్ కమాండే, కాకపోతే చివర డీమన్ ఆప్షన్ ఉంటే తీసేయండి, బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపే పని సిస్టమ్‌డీ చూసుకుంటుంది. రీస్టార్ట్ దగ్గర ఆన్-ఫెయిల్యూర్, రీస్టార్ట్‌సెక్ దగ్గర 30. ఆ 30 పెట్టకపోతే డిఫాల్ట్‌గా 10 సెకన్లలో 5 సార్లు స్టార్ట్ చేసి చూసి ఇక నావల్ల కాదని ఆపేస్తుంది, చాలామంది రీస్టార్ట్ పెట్టినా రావట్లేదు అనేది దీనివల్లే. గూగుల్ డ్రైవ్ అయితే నెట్ లేనప్పుడు ఆర్‌క్లోన్ కాసేపు చూసి ఎర్రర్ ఇచ్చి బయటికొచ్చేస్తుంది కాబట్టి ఈ పద్ధతి బాగా కుదురుతుంది. ఇన్‌స్టాల్ సెక్షన్‌లో వాంటెడ్‌బై డిఫాల్ట్ టార్గెట్, తర్వాత సిస్టమ్‌సీటీఎల్‌ని యూజర్ ఆప్షన్‌తో పెట్టి ఎనేబుల్ చెయ్యండి. లాగిన్ అవ్వకముందే మౌంట్ కావాలంటే లాగిన్‌సీటీఎల్‌లో ఎనేబుల్-లింగర్ ఒకసారి ఇవ్వాలి, లాగిన్ అయ్యాకే చాలు అనుకుంటే అక్కర్లేదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన చోటు, నేను ఇంత పెద్దగా రాయడానికి కారణం ఇదే. మౌంట్ రాకపోవడం పెద్ద ప్రమాదం కాదండీ, మౌంట్ రాలేదని ఎవరికీ తెలియకపోవడం ప్రమాదం. మౌంట్ పాయింట్ అంటే హార్డ్‌డిస్క్‌లో ఒక మామూలు ఖాళీ ఫోల్డరే కదా, డ్రైవ్ రాకపోయినా ఆ ఫోల్డర్ ఉంటుంది, నాన్నగారు స్కాన్ చేసి అందులో సేవ్ చేస్తే సేవ్ అయిపోతుంది, ఏ ఎర్రరూ రాదు. ఆ ఫైలు డ్రైవ్‌లోకి వెళ్ళదు, లోకల్ డిస్క్‌లోనే ఉంటుంది. తర్వాత నెట్ వచ్చి మౌంట్ అయ్యాక ఆ ఫైలు దాని కింద దాగిపోతుంది, ఇటు డ్రైవ్‌లోనూ కనపడదు అటు డిస్క్‌లోనూ కనపడదు, అన్‌మౌంట్ చేస్తే తప్ప బయటపడదు. ఇంట్లో పెద్దవాళ్ళు పాస్‌బుక్ స్కాన్ చేసి పెట్టాను కదరా ఏమైంది అని వెతుక్కోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

దీనికి నేను చేసే పద్ధతి ఏంటంటే మౌంట్ పాయింట్‌ని హోమ్‌లో పెట్టను, రన్ లోపల యూజర్, దాని లోపల యూజర్ ఐడీతో ఉండే ఫోల్డర్‌లో పెడతాను, సర్వీస్ ఫైల్‌లో దాన్ని పర్సెంట్-టీ అని రాయొచ్చు. అది ర్యామ్‌లో ఉండే చోటు, కరెంటు పోతే మొత్తం తుడుచుకుపోతుంది. ఎగ్జెక్‌స్టార్ట్‌ప్రీలో ఎమ్‌కేడిర్ మైనస్ పీతో ఫోల్డర్ తయారు చేస్తుంది, ఎగ్జెక్‌స్టాప్‌పోస్ట్‌లో ముందు అన్‌మౌంట్ చేసే ఫ్యూజర్‌మౌంట్ మైనస్ యూజెడ్, ఆ తర్వాత ఆర్ఎమ్‌డిర్. ఈ రెండు కమాండ్ల ముందూ ఒక మైనస్ గుర్తు పెట్టండి, ఫెయిల్ అయినా పట్టించుకోదు. ఆర్ఎమ్‌డిర్ ఖాళీ ఫోల్డర్‌నే తీసేస్తుంది కాబట్టి ఫైళ్ళు పోతాయన్న భయం లేదు. డెస్క్‌టాప్ మీద దానికి ఒక సిమ్‌లింక్ (షార్ట్‌కట్ లాంటిది) పెట్టాను. మౌంట్ ఉంటే లింక్ తెరుచుకుంటుంది, లేకపోతే తెగిన లింక్‌లా కనిపిస్తుంది, అప్పుడు అందులో ఎవరూ ఏదీ సేవ్ చెయ్యలేరు. ఆర్‌క్లోన్ ట్రై చేస్తున్న కాసేపు మాత్రం ఖాళీ ఫోల్డర్‌గా తెరుచుకోవచ్చు, ఖాళీగా ఉంటే అందులో ఏదీ వెయ్యకూడదు. నాన్నగారికి కూడా చెప్పడం తేలికైంది, ఫోల్డర్ తెరుచుకోకపోయినా, ఖాళీగా కనిపించినా నెట్ రాలేదని అర్థం, కాసేపాగి చూడండి అని. మీకు బ్యాకప్ స్క్రిప్టులు ఏవైనా ఆ ఫోల్డర్‌లోకి రాస్తుంటే ఇదొక్కటే నమ్ముకోకుండా వాటి మొదట్లో మౌంట్‌పాయింట్ మైనస్ క్యూతో చెక్ పెట్టండి, రాకపోతే అక్కడే ఆగిపోవాలి.

ఇక మౌంట్ ఆప్షన్లు. వీఎఫ్ఎస్ క్యాష్ మోడ్ (ఫైళ్ళని కాసేపు లోకల్ డిస్క్‌లో దాచుకునే పద్ధతి) డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, ఆఫ్‌లో ఉంటే లిబ్రేఆఫీస్ లాంటివి ఫైల్ తెరిచి అందులోనే సేవ్ చేస్తే ఎర్రర్లు ఇస్తాయి, అందుకని కనీసం రైట్స్ పెట్టండి. వీడియోలు, పెద్ద పీడీఎఫ్‌లు ఎక్కువ చూస్తారంటే ఫుల్ పెట్టండి, చదివిన ముక్కలు కూడా డిస్క్‌లో దాచుకుంటుంది. ఫుల్ పెడితే క్యాష్ మ్యాక్స్ సైజ్ కూడా ఇవ్వండి, నేను 5 జీబీ ఇచ్చాను, లేకపోతే చిన్న ఎస్‌ఎస్‌డీ నిండిపోతుంది. సేవ్ చేసిన ఫైలు మూసేసిన 5 సెకన్ల తర్వాత అప్‌లోడ్ మొదలవుతుంది. మధ్యలో కరెంటు పోతే ఏంటి పరిస్థితి అంటారా, క్యాష్‌లో ఉన్న ఫైలు తర్వాతిసారి అవే ఆప్షన్లతో మౌంట్ అయినప్పుడు అప్‌లోడ్ అవుతుంది, కాబట్టి ఆప్షన్లు ఊరికే మార్చకండి, క్యాష్ ఫోల్డర్‌ని చేత్తో డిలీట్ చెయ్యకండి. ఫైల్ మేనేజర్‌లో థంబ్‌నెయిల్స్ ఆపేస్తే మంచిది, లేకపోతే ఫోటోల ఫోల్డర్ తెరిచినప్పుడల్లా ప్రతి ఫోటోనీ దింపడానికి కూర్చుంటుంది.

ఒక వారం బాగా పనిచేసి ఆ తర్వాత ఆగిపోయేది ఇంకోటి ఉంది. ఆర్‌క్లోన్‌లో గూగుల్ కోసం సొంత క్లయింట్ ఐడీ (ఏ యాప్ అడుగుతోందో గూగుల్ గుర్తుపట్టే ఐడీ) చేసుకోమని అందరూ చెప్తారు, నిజమే, చేసుకోవాలి, డిఫాల్ట్ ఐడీని ప్రపంచంలో అందరూ కలిసి వాడతారు కాబట్టి నెమ్మదిస్తుంది. కానీ గూగుల్ క్లౌడ్ కన్సోల్‌లో ఆ యాప్‌ని టెస్టింగ్ స్టేటస్‌లోనే వదిలేస్తే రీఫ్రెష్ టోకెన్ (ప్రతిసారీ లాగిన్ అడగకుండా ఉంచేది) 7 రోజులకే ఎక్స్‌పైర్ అవుతుంది, 8వ రోజు నుంచి మౌంట్ రాదు, మనమేమో సర్వీస్ ఫైల్‌లో తప్పేముందా అని వెతుక్కుంటాం. పబ్లిష్ యాప్ నొక్కి ప్రొడక్షన్‌లోకి మార్చి, ఆర్‌క్లోన్ కాన్ఫిగ్ రీకనెక్ట్‌తో మళ్ళీ ఒకసారి లాగిన్ అవ్వండి. వెరిఫై కాని యాప్ అని హెచ్చరిక వస్తుంది, మన యాప్ మనమే వాడుకుంటున్నాం కాబట్టి పర్లేదు. అలాగే కాన్ఫిగ్ ఫైల్‌కి పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్ళయితే బూట్ అప్పుడు దాన్ని టైప్ చేసేవాళ్ళు ఎవరూ ఉండరు, పాస్‌వర్డ్-కమాండ్ ఆప్షన్ వాడుకోవాలి.

పాత కంప్యూటర్ అయితే మదర్‌బోర్డు మీద ఉండే గుండ్రటి బ్యాటరీ కూడా చూడండి, సీఆర్2032 అని ఏ వాచీల షాపులోనైనా దొరుకుతుంది. అది అయిపోతే కరెంటు పోయొచ్చినప్పుడల్లా గడియారం ఏదో పాత సంవత్సరానికి వెళ్ళిపోతుంది, తేదీ తప్పుంటే సర్టిఫికెట్ చెల్లదని గూగుల్‌తో కనెక్షనే కుదరదు. నెట్ ద్వారా టైమ్ సరిపడ్డాక రీస్టార్ట్ వల్ల ఎలాగూ మౌంట్ వస్తుంది గానీ లాగ్‌లో ఎక్స్509 అని ఎర్రర్ కనిపిస్తే కారణం అదేనని గుర్తుంచుకోండి.

ఇంట్లో ఇంకెవరైనా విండోస్ వాడుతుంటే వాళ్ళకి ఇవేమీ అక్కర్లేదు, గూగుల్ డ్రైవ్ ఫర్ డెస్క్‌టాప్ వేసి లాగిన్ అవ్వగానే స్టార్ట్ అవ్వమని టిక్ పెడితే డ్రైవ్ లెటర్‌తో సహా వచ్చేస్తుంది. లైనక్స్‌కి గూగుల్ అలాంటిది ఇవ్వలేదు కాబట్టే మనకీ పని. ఇంకో సంగతి, ఫోన్ ఫోటోలు కూడా ఇందులో కనిపిస్తాయనుకుంటే కనిపించవు, 2019 జూలై నుంచి గూగుల్ ఫోటోస్, డ్రైవ్ రెండూ వేరైపోయాయి. మౌంట్‌లో డిలీట్ చేసింది అందరి దగ్గరా డిలీట్ అవుతుంది, డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులుంటుంది, ఆ తర్వాత పోతుంది, అందుకని పొలం కాగితాల్లాంటివి ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా వేరే కాపీ ఉంచండి.

అన్నీ పెట్టాక మామూలుగా రీస్టార్ట్ చేసి వచ్చింది కదా అని వదిలెయ్యకండి. రౌటర్ స్విచ్ ఆపేసి కంప్యూటర్ ఆన్ చెయ్యండి, లింక్ తెరుచుకోకూడదు, మధ్యలో కాసేపు తెరుచుకున్నా ఖాళీగానే ఉండాలి. ఓ ఐదు నిమిషాలాగి రౌటర్ వెయ్యండి, కంప్యూటర్ ముట్టుకోకుండా కూర్చుంటే కాసేపటికి దానంతటదే తెరుచుకోవాలి. రాకపోతే లాగ్ చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌లో ఆ సర్వీస్ పేరుతో వచ్చిన చివరి ఇరవై లైన్లు ఇక్కడ పెట్టండి, క్లయింట్ ఐడీ, టోకెన్ లాంటివి ఉంటే తీసేసి పెట్టండి. ఆర్‌క్లోన్ వర్షన్ కూడా చెప్పండి, మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వచ్చేది పాతది, దాని బదులు ఆర్‌క్లోన్ సైట్‌లోని డెబ్ ఫైల్ వేసుకుని చూడండి ముందు.